కాటుక కోట, ఏడో తలుపు

నమోదు 1

ఆట పేరు కాటుక కోట. ఆడుతున్నవాడు పోలిశెట్టి మృత్యుంజయం, వయసు డెబ్బై ఎనిమిది, మెట్ట విశాఖ మూడో మేడ, పద్నాలుగో అంతస్తు. విమర్శకుడు ఆట ఆడినన్ని రోజులూ చేత్తో దినచర్య రాసి ఆటల మండలికి పంపాలని నిబంధన. రాస్తున్నది మనిషేనని వాళ్లకు నమ్మకం కుదరాలట. చదువుతున్నది మనిషేనని నాకు మాత్రం ఏ నమ్మకమూ లేదు.

పొద్దున కిటికీ అద్దాల మీద ఉప్పు గీకాను. నాలుగు రోజులు వదిలేస్తే సముద్రం కనబడదు. సముద్రం కోసం కాదు, మునిగిన కింది వీధుల కోసం గీకుతాను. పోటు తగ్గినప్పుడు మా పత్రిక ఆఫీసు మీది నీళ్ల ట్యాంకు నల్లగా పైకి తేలుతుంది. ఇవాళ తేలలేదు.

నాడిపట్టీ మణికట్టుకి కట్టుకుని ఆట మొదలుపెట్టాను. కాసేపటికే అనుమానం వచ్చింది. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆటా ఆడేవాణ్ణి చూసి మారుతూ వస్తోంది. గుండె ఎలా కొట్టుకుంటోందో పట్టీ చెబుతుంది, ఆట దానికి తగ్గట్టు భయపెడుతుంది, బుజ్జగిస్తుంది. నాకు వచ్చే ఆటల్లో శత్రువులందరికీ ఒకప్పటి నా స్నేహితుడు ఇందుధరరావు ముక్కు ఉంటుంది. నేను అడగలేదు. నా గుండె అడిగిందట.

కాటుక కోటలో ఎవరికీ ఆ ముక్కు లేదు.

నమోదు 2

ఈ ఆట మారదు. కోపం తెచ్చుకుని చూశాను, విసుక్కుని చూశాను, పట్టీ విప్పి బల్ల మీద పెట్టి చూశాను. అదే కోట, అదే వాన, అదే మెట్టు జారుడు. నాకోసం మారని వస్తువును ముట్టుకుని ఎంత కాలమైందో.

చచ్చిపోయిన రాణి ఏలుతున్న కోట అది. మనం దీపం పట్టుకుని ఆమె ఉన్న అడుగు అంతస్తుకి దిగాలి. దీపానికి చమురు ఊళ్లోవాళ్ల పేర్లు. వెలుగు కావాలంటే ఒక పేరు పొయ్యాలి. పేరు పోయిన మనిషి చావడు. మన ఎదురుగానే తిరుగుతూ తన పని చేసుకుంటాడు. కాని వాణ్ణి ఇక ఎవరూ పిలవరు. నేను మొదట పడవ సూరయ్య పేరు పోశాను. ఆ తరువాత అతను రేవులో నిలబడి, ఎవరో పిలుస్తారేమోనని, అడుగుల చప్పుడైనప్పుడల్లా తల తిప్పి చూడడం మొదలుపెట్టాడు. నాలుగో అంతస్తులో చీకటి మీద పడితే మేకలు కాసే పిల్ల సోమిలి పేరు పోశాను. పొయ్యకుండా దిగే దారి లేదు.

బొబ్బిలి దగ్గర ఎవరో నలుగురు కలిసి చేశారట. వాళ్లకు నేను తెలియదు, వాళ్లు నాకు తెలియదు. విమర్శకుడికి ఇంతకన్నా ఆరోగ్యకరమైన సంబంధం లేదు.

దాని నాడి అంకె పందొమ్మిది. వందకి. ఆడినవాళ్ల గుండెలన్నీ కలిపి పట్టీలు ఇచ్చిన మార్కు అది. దానికి విమర్శకుడి సమీక్షను బట్టి యంత్రం వేసే కలం అంకె కలిపి సగం చేస్తారు. నలభై దాటకపోతే నెలాఖరు సాయంత్రం సైరన్ మోగగానే ఆటను కరిగిస్తారు. కరిగించడమంటే పారెయ్యడం కాదు, పారేస్తే నయం. దాని కోటగోడలు, వాన, పిల్లలు, మేకలు ముక్కలుగా ఊడదీసి మిగతావాళ్ల ఆటల్లో అతికిస్తారు. రేపు ఎవరి పెళ్లి ఆటలోనో నా పడవ సూరయ్య పూలదండ పట్టుకుని నిలబడతాడు.

నమోదు 4

మూడో నమోదును మండలి కొట్టేసింది. అందులో మండలి గురించి రాశాను.

ఏడో అంతస్తులో ఒక తలుపు ఉంది. దాని ముందు ఒక ముసలివాడు కూర్చుని కూనిరాగం తీస్తుంటాడు. ఏమీ అడగడు. కత్తి దూస్తే తగలదు, దీపం ఎత్తితే కళ్లు చిట్లిస్తాడు, మాట్లాడిస్తే రాగం ఆపి మళ్లీ మొదలుపెడతాడు. తలుపు తెరుచుకోదు. రెండు రోజులుగా అక్కడే ఉన్నాను.

మధ్యాహ్నం మేడ వంటశాలకి అంబలి కోసం దిగాను. వరసలో నిలబడి ఆ రాగం తెలియకుండానే ముక్కుతో లాగుతున్నానట. గరిటె పట్టుకున్న మనిషి చెయ్యి ఆగిపోయింది. ఆవిడ పేరు పైడితల్లి. వంటశాల పెద్ద. పదేళ్లుగా నాకు చోడిపిండి అంబలి పోస్తోంది, నేను పదేళ్లుగా ఉప్పు ఎక్కువైందని చెబుతున్నాను. మా ఇద్దరికీ అంతే పరిచయం.

"మేస్టారూ," అంది నెమ్మదిగా. "మీకూ ఆడు అదే పాట పాడతన్నాడేటి?"

నా వెనక వరస గొణిగింది. నేను కదలలేదు. ఎవరి ఆట వాళ్లదే అయిన ఈ రోజుల్లో ఆట గురించి చెప్పడమంటే వచ్చిన కల చెప్పడం లాంటిది, వినేవాడికి ఆవలింత వస్తుంది. నేను చూసిన గోడను ఇంకొకరు చూసి ఉండడం అన్నది నేను మరిచిపోయిన సంగతి. ఏ తలుపు దగ్గర అని అడిగాను. ఏడు, అంది. సోమిలి పేరు పోశావా అని అడిగాను. ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుంది.

నేను బళ్లో పాఠం చెప్పినవాణ్ణి కాదు. ఆవిడ దృష్టిలో కళ్లద్దాలున్న ప్రతివాడూ మేస్టారే.

నమోదు 5

వంటశాల కట్టేశాక పైడితల్లి వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు, గడప మీద కూర్చుంది. పగలంతా పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి కూర్చోవడం చేతకాదు. చెప్పే ప్రతి మాటకీ లేస్తుంది, తలుపు రెక్క తుడుస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. ఆ పిల్ల పేరు పోసిన రోజు అంబలి మాడిపోయిందట. కోట అడుగున రాణి దగ్గర పోసిన పేర్లన్నీ దాచి ఉంటాయని ఆవిడ నమ్మకం. తలుపు దాటితే సోమిలి పేరు వెనక్కి తెచ్చుకుంటుందట.

ముందుగా నేను దాటితే దారి చెప్పమంటావా అని అడిగాను.

"సెప్పీకండి. నానే పోసినాను, నానే తెచ్చుకుంటాను."

నలభై ఏళ్లు విమర్శ రాశాను. ఎవరూ నన్ను చెప్పొద్దని అడగలేదు. చెప్పకముందు పట్టించుకోలేదు, చెప్పాక తిట్టారు, అంతే.

నమోదు 6

తలుపు తెరుచుకుంది. ఎలాగో రాయక తప్పదు, మండలి చదివినా సరే.

భోజనం చేసి కుర్చీలో కూర్చున్నాను. అన్ని విద్యలూ అయిపోయాయి. దీపం పెట్టుకుని ఆ ముసలివాడి ముఖం చూడడం విసుగనిపించి దీపం ఆర్పేశాను. చీకట్లో రాగం ఒకటే వినబడుతోంది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. లేచేసరికి రాగం లేదు. తలుపు బార్లా తీసి ఉంది. ముసలివాడు పక్కకి జరిగి నాకు దారి ఇచ్చి ఉన్నాడు.

వాడికి కావలసింది అదే. వెలుగు లేకుండా, ఏమీ చెయ్యకుండా, వాడి పక్కన ఒక మనిషి కాసేపు ఉండడం.

తరువాత పట్టీ చూసుకున్నాను. నేను నిద్రపోయిన సమయానికి ఎదురుగా ఇలా నమోదైంది: గుండె నెమ్మదించింది, ఆసక్తి శూన్యం, తిరస్కారం.

అంటే ఆ తలుపు దాటిన ప్రతి ఒక్కరి గుండే అక్కడ నెమ్మదించింది. నెమ్మదించిన ప్రతి గుండెకీ పట్టీ సున్నా వేసింది. ఆటను అర్థం చేసుకున్నవాళ్లే ఆటను చంపుతున్నారు. పందొమ్మిదిలో నా సున్నా కూడా ఉంది.

ఇందుధరరావూ, ఇది నువ్వు తెచ్చిన పట్టీ.

నమోదు 8

ఏడో నమోదు రోజున చివరిదాకా ఆడాను, ఆ పేజీ పంపలేదు. అక్కడేముందో మండలికి రాయను. ఈ మాటా కొట్టేసుకోవచ్చు.

సమీక్ష పంపాను. రెండు రోజులు పట్టింది. మెచ్చుకోవడం ఇంత కష్టమని తెలియదు. తిట్టేటప్పుడు మాటలు వాటంతటవే క్యూ కడతాయి. ఆట గొప్పదని రాశాను. ఎందుకు గొప్పదో రాశాను. పట్టీ గురించి ఒక పేరా రాశాను: తలుపు సంగతి బయటపెట్టకుండా, ఈ ఆటలో ఒకచోట గుండె నెమ్మదించడమే అత్యున్నతమైన ఆమోదమనీ, దాన్ని తిరస్కారమని లెక్కించే కొలత ఇరవై ఏళ్లుగా ఇలా ఎన్నింటిని చంపిందో ఎవరూ లెక్క చెప్పలేరనీ.

సాయంత్రానికి తిరిగొచ్చింది. పోలిక యంత్రం తేల్చిందట: ఈ రచన పోలిశెట్టి మృత్యుంజయం నలభై ఏళ్ల రచనలతో సరిపోలడం లేదు, ఇతరులు రాసినట్టుగా అనుమానిస్తున్నాం.

నా రచనలు దానికి బాగా తెలుసు. 'రచయిత ఈ పుస్తకాన్ని తల్లికి అంకితమిచ్చాడు, ఆవిడ చేసిన పాపమేమిటో రాయలేదు' అన్నది నేనేనని దానికి తెలుసు. జీవితం మొత్తం మీద నేను వాడిన పెద్ద పొగడ్త 'పరవాలేదు'. అలాంటివాడు ఒక ఆట చూసి నోరు మూసుకుని కూర్చోవాలనిపించింది అని రాస్తే, ఆ యంత్రం స్థానంలో నేనున్నా నమ్మను.

కొంచెం కారం చల్లి మళ్లీ పంపాను. నా రచనేనని ఒప్పుకుని, కలం అంకె ఇరవై రెండు వేస్తానంది. దానితో నలభై దాటదు. ఆ ప్రతి వెనక్కి తీసుకున్నాను.

నమోదు 9

దారి ఒకటుంది. రిజిస్టరైన మరో విమర్శకుడు, ఇది ఇతని రాతేనని ముద్ర వేస్తే యంత్రం తప్పుకుంటుంది. రిజిస్టర్లో మిగిలింది ఇద్దరం. రెండోవాడు ఇందుధరరావు.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. మేమిద్దరం కలిసి 'ఆకురాయి' పత్రిక నడిపాం. నేను రాసేవాణ్ణి, వాడు అచ్చుతప్పులు దిద్దుతూ నవ్వేవాడు. ఒకరోజు వాడికి జ్ఞానోదయమైంది: విమర్శకుడు అబద్ధం చెబుతాడు, పాఠకుడి గుండె చెప్పదు. గుండెను కొలిచే పట్టీ తెచ్చాడు, మండలి పెట్టాడు, చదివేవాళ్లు లేరని పత్రిక మూశాడు. వీడ్కోలు సంచికలో నా గురించి, మృత్యుంజయం సగం పుస్తకాలు నిద్రపోతూ సమీక్షించాడని రాశాడు. మేం మాట్లాడుకుని ఇరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు పదవి దిగి, కొండ మీది కాలనీలో ఒక్కడే ఉంటాడని విన్నాను. ముద్ర మాత్రం వదల్లేదు.

ఫోన్ చేశాను. ఒరేయ్ అని మొదలుపెట్టేవాడు, ఇవాళ చెప్పండి అన్నాడు. నేనూ మీరు అన్నాను. సమీక్ష మొత్తం వాడికి చదివి వినిపించాను. మధ్యలో ఒక్కసారి దగ్గాడు.

"రాసింది మీరే," అన్నాడు చివరికి. "వాక్యం చివర క్రియను మింగెయ్యడం మీ జబ్బు. ముద్ర వేస్తాను. ఆ పట్టీ పేరా తీసెయ్యండి."

అదొక్కటే సమీక్ష, మిగతాదంతా అలంకారం అన్నాను.

"అలంకారానికే ముద్ర వేస్తాను. నా చేత్తో నా గోతికి వెయ్యను."

ఆట ఆడారా అని అడిగాను. ఏడో తలుపు దగ్గర ఆగిపోయానన్నాడు. ముసలివాడు ఏం కోరుతున్నాడో తెలియడం లేదన్నాడు. వాడు ఎలా దాటాలో అడగబోయి ఆగాడు. ఫోన్ పెట్టేశాను.

నమోదు 10

పేరా తియ్యను. సైరన్‌కి ఇంకా మూడు రోజులున్నాయి.

ఉప్పు గీకాను. ట్యాంకు తేలింది. దాని మీద కొంగ ఒకటి వాలింది.

నమోదు 11

పైడితల్లికి సంగతంతా చెప్పాను. తలుపు రహస్యం తప్ప. నా పక్షాన మాట్లాడుతుందని అనుకున్నాను, లేకపోతే చెప్పేవాణ్ణి కాదు.

ఆ ముక్క తీసేస్తే ఏమవుతుందని అడిగింది. ఇరవై ఏళ్లుగా నేను చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే పోతుందన్నాను. తియ్యకపోతే అని అడిగింది. ఆట పోతుందన్నాను. ఆవిడ గిన్నెలో అంబలి నిండా పోసింది, పొర్లిపోయేదాకా పోసింది.

"మీ ముసిలోళ్లిద్దరి తగువుకి, నా సోమిలేటి సేసిందండీ?"

వరసలో ఉన్నవాళ్లకి సోమిలి ఎవరో తెలియదు. బిడ్డో, మనవరాలో అనుకుని ఉంటారు. నా వైపు వాళ్లు చూసిన చూపు అలాంటిదే. అంబలి చెయ్యి మీదికి కారుతుండగా పద్నాలుగు అంతస్తులు మెట్లెక్కి వచ్చాను, లిఫ్టు ఆగిపోయింది.

ఈ సాయంత్రం ఆవిడ గడప మీదికి రాలేదు.

నమోదు 12

ఇవాళ అంబలి పోసింది, ముఖం చూడలేదు. ఉప్పు ఎక్కువైందన్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి తిరిగి అనేది. ఇవాళ వెనకవాడి గిన్నె అందుకుంది.

గదికి వచ్చాక ఒక సంగతి గమనించాను. మెట్ల మీద అడుగుల చప్పుడైనప్పుడల్లా తల తిప్పి తలుపు వైపు చూస్తున్నాను.

నమోదు 13

పొద్దున్నే పేరా తీసేశాను. తీసేశాక చదివితే సమీక్ష నున్నగా, మర్యాదగా, ఎవరిదో లాగా ఉంది. మధ్యాహ్నం కాకుండానే ఇందుధరరావుకి పంపి ఫోన్ చేశాను. పంపారా, మంచిది అన్నాడు. భోజనం చేసి ముద్ర వేస్తానన్నాడు. గొంతు ఎందుకో హుషారుగా ఉంది.

వంటశాలకి దిగి పైడితల్లికి చెప్పాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని, నా గిన్నె లాక్కుని, అడుగున దాచిన గట్టి అంబలి పోసింది. సాయంత్రం పని అవగొట్టి తలుపు దగ్గర మళ్లీ కూర్చుంటానంది. రేపు ఆదివారం, రోజంతా కూర్చుంటానంది.

మూడింటికి ముద్ర పడలేదు. ఫోన్ చేశాను. మోగింది, తియ్యలేదు. నాలుగింటికి చేశాను. పక్క ఇంటివాళ్ల నంబరు నాకెలా తెలుస్తుంది, వాడి పక్కన ఎవరున్నారో కూడా తెలియదు. ఎవరూ లేరేమో. ఐదింటికి ఆపకుండా చేశాను. మాట తప్పాడని అనుకున్నాను. ఇరవై ఒక్క ఏళ్లు తిట్టిన తిట్లన్నీ సరిపోలేదని అనుకున్నాను. ఆ తరువాత, పోయాడేమో అనుకున్నాను. అప్పుడు వాణ్ణి తిట్టడం ఆపేశాను.

ఆరింటికి సైరన్ మోగింది. తెర మీద కోట ఉన్నచోట కోట లేదు.

కాసేపటికి వాడే ఫోన్ చేశాడు.

"ఒరేయ్," అన్నాడు. "తెరుచుకుందిరా."

ఆ పట్టీ పేరా వాణ్ణి నాలుగు రోజులు తొలిచిందట. గుండె నెమ్మదించే చోటు ఎక్కడుంటుందని ఆలోచించి, ఇవాళ అన్నం తిని, ముద్ర వేసే ముందు ఒక్కసారి చూద్దామని తలుపు ముందు దీపం ఆర్పి కూర్చున్నాడు. సైరనే లేపింది. కళ్లు తెరిచేసరికి తలుపు తీసి ఉంది. లోపల అడుగు పెట్టబోతుంటే అంతా మాయమైంది.

నిద్రపోతూ సమీక్షించడం గురించి ఒక మంచి వాక్యం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"నా పట్టీ ఏమందో తెలుసా," అన్నాడు. "తిరస్కారం అంది."

వాడు ఏడుస్తున్నాడని అప్పుడు తెలిసింది.

నమోదు 14

ఆట లేదు కనుక దినచర్య ముగిసినట్టేనని మండలి తెలియజేసింది. కాగితం వెనకవైపు రాస్తున్నాను. ఇది పంపను.

పైడితల్లి ఆదివారం కొత్త ఆట ఒకటి తెరిచిందట. అందులో మా తలుపు ముసలివాడు పెళ్లివారింటి గుమ్మంలో నిలబడి, ఆవిణ్ణి చూడగానే నవ్వుతూ రండి రండి అన్నాడట. ఆవిడ పట్టీ విప్పి పిండి డబ్బాలో పడేసింది.

పొద్దు వాలే వేళ నన్ను వంటశాలకి పిలిచింది. పొయ్యిలు ఆర్పేసి ఉన్నాయి. తలుపు వెనకేముందో చెప్పమంది. ఇందుధర్ కూడా పొద్దుటి నుంచి అదే అడుగుతున్నాడు, అందుకని ఫోన్ తీసి బోర్లించిన గుండిగ మీద పెట్టాను. వాడు అవతల ఉన్నాడనడానికి ఊపిరి ఒక్కటే గుర్తు.

తలుపు వెనక నిర్మాణం పకడ్బందీగా ఉందని, ముగింపులో సంయమనం కనిపిస్తుందని మొదలుపెట్టాను.

"కత సెప్పమంటే తీర్పు సెప్తారేటండీ," అంది పైడితల్లి.

నాకు కథ చెప్పడం రాదు. ఎప్పుడూ చెప్పలేదు, చెప్పినవాళ్ల పని పట్టాను. గొంతు సవరించుకున్నాను. తలుపు వెనక పెద్ద వాకిలి ఉంది అన్నాను. రాణి లేదు. ఎప్పుడూ లేదు. వాకిలి నిండా మనం పేర్లు పోసిన మనుషులు కూర్చుని ఉన్నారు. మన చేతిలో దీపం లేదు, చీకటి. మన అడుగు చప్పుడుకి అందరూ ఒక్కసారి తలలెత్తుతారు, పిలుస్తామేమోనని. పిలవడానికి ఆ వాకిట్లో ఆట మనకి నోరివ్వదు. వాళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ పోతాం. అంతే, అక్కడితో అయిపోతుంది.

"సోమిలుందా?"

మేకపిల్లని ఒళ్లో పెట్టుకుని గోడ వారన కూర్చుందని చెప్పాను.

"పేరొచ్చిందా దానికి?"

అబద్ధం చెప్పొచ్చు. కరిగిపోయిన ఆట, సరిచూసేవాడెవడూ లేడు. రాలేదని చెప్పాను.

ఆవిడ లేచింది. గరిటె కడిగింది, మళ్లీ కడిగింది. తరువాత వంటశాల గుమ్మంలో నిలబడి, పొద్దుపోయినా ఇంటికి రాని పిల్లని అన్నానికి పిలిచినట్టు, "ఓలె సోమిలీ," అని పిలిచింది. మెట్ల దారిలో ఆ పిలుపు కిందిదాకా పోయింది. ఎవరూ పలకలేదు. వచ్చి కూర్చుంది. ఈసారి లేవలేదు.

గుండిగ మీద ఫోన్లోంచి ఇందుధర్ గొంతు, మెల్లగా, పడవ సూరయ్యా అంది. వాడూ మొదట ఆ పేరే పోశాడన్నమాట. అందరం అవే పేర్లు పోశాం.

గిన్నె, ఫోన్ తీసుకుని పైకి వచ్చాను. చీకటి పడింది, దీపం వెయ్యలేదు. చేతిలో ఫోన్ ఇంకా అలాగే ఉంది, వాడు పెట్టలేదు, నేనూ పెట్టలేదు. బల్ల మీద ఉంచి కిటికీ దగ్గరికి వెళ్లాను. ఉప్పు పట్టేసింది, ఏమీ కనబడలేదు. ఎంతసేపు నిలబడ్డానో. పైడితల్లికి నేను మేస్టార్ని, మండలికి ఒక రిజిస్టరు నంబర్ని.

"ఒరేయ్ మృత్యుంజయం," అంది ఫోన్.

గదిలో ఎవరూ లేరని తెలుసు. అయినా తల తిప్పి చూశాను.